దేవుడి ముంత

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. దాన్ని మేం దేవుడి ముంత అనేవాళ్ళం. మా జేజి ఎసట్లో బియ్యం పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. రెండు పూటలా వండితే రెండు పిడికెళ్ళు. ఒక్క పూటే వండితే ఒక్క పిడికెడు. పొయ్యి వెలగని రోజు ఏమీ లేదు. ఆదివారం ఆ ముంతని కొంగుకింద పెట్టుకుని ప్రార్థనకి తీసుకుపోయేది. మా పల్లెలో ఆడవాళ్ళంతా అట్లాగే తెచ్చేవాళ్ళు. గుడిలో పరిచిన గుడ్డ మీద అందరి బియ్యమూ ఒకే కుప్ప పడేది. సన్నవి, లావువి, రేషనువి, నూకలు అన్నీ కలిసిపోయేవి. ఎవరు ఎంత పోశారో ఆ కుప్పలో కనపడదు. అందులో కొంత అయ్యగారికి, కొంత బిడ్డని కన్న ఇంటికి, కొంత ఎవరూ లేని ముసలివాళ్ళకి.

నాకు ఏడేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం, కూలి పనులు లేవు. మధ్యాహ్నం ఆకలి. ఇంట్లో ఎవరూ లేరు. బానలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. దేవుడి ముంతలో మాత్రం బియ్యం ఉన్నాయి. పిడికెడు తీసుకుని గోడవారన కూర్చుని నమిలాను. ఇంకో పిడికెడు. పచ్చి బియ్యం తింటే మూతి చివర తెల్లగా అంటుకుంటుంది గదా. జేజి వచ్చి నా మూతి చూసింది, ముంత చూసింది. నేను ఏడుపు మొదలెట్టాను. దేవుడు కళ్ళు పోగొడతాడు, కడుపులో పుండు పుట్టిస్తాడు అంటుందనుకున్నాను. ఆమె నన్ను కొట్టలేదు. పక్కన కూర్చుని, కొంగుతో నా మూతి తుడిచింది.

"దేవుడి బియ్యం దేవుడు తింటాడంటమ్మీ? ఎవురో ఒక ఆకలిగొన్నోళ్ళు తింటారు. నువ్వూ ఆకలిగొన్నదానివే. నువ్వు తిన్నా ఆయన తిన్నట్టే. కాకపోతే అవతల ఇంకోళ్ళు ఈ పిడికెడు కోసం కూసోనుంటారు గదా. ఆళ్ళకి తక్కువైద్ది. అది చూసుకోవాల."

అంతే. ఆ సాయంత్రం ఎక్కడో అరువు తెచ్చిన బియ్యంలోంచి మూడు పిడికెళ్ళు ముంతలో వేసింది. మిగిలింది మాకు గంజి అయింది.

మా జేజికి చదువు రాదు. వేలిముద్రే. శోధన గురించి తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, పుస్తకాలు చదివాను. కానీ ఆమె ఆ మూడు మాటల్లో చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆకలి పాపం కాదు. తినడం పాపం కాదు. అవతల ఎవరి నోటికి తక్కువవుతుందో చూడకపోవడం పాపం. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. అదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

ఊళ్ళో మమ్మల్ని "బియ్యం కోసం మతంలో కలిసినోళ్ళు" అనేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లలో ఇంకా ఛండాలంగా అంటున్నారు. అదేదో బస్తా లెక్కన మా తాతలు అమ్ముడుపోయినట్టు. మా ఒంగోలు ప్రాంతం సంగతే చెప్తాను. 1876 నుంచి 1878 దాకా ఇక్కడ ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని, కరువులో ఉన్న జనానికి పనిచ్చి కూలి ఇచ్చాడు. ఆ పని జరిగినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని జనాన్ని ఆపాడు. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి ఆరుగురు తెలుగు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలు. దీనికి పదేళ్ళ ముందే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఏ కరువూ తరమకుండానే, తనంతట తాను ఈ దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. బియ్యం ఇస్తామంటే పోయిన జనం కాదు వాళ్ళు. పస్తులుండి కూడా ఆగిన జనం.

అయితే ఆ దొరల మతం మమ్మల్ని అన్ని విధాలా అర్థం చేసుకుందనీ నేను అనను. కలవాలంటే చచ్చిన గొడ్డు మాంసం మానాలని షరతు పెట్టారు. మానారు మావాళ్ళు. కానీ ఆ మాంసం మాకు తీపిచేసి తిన్నామా? ఊరు మాకు వదిలిన తిండి అదొక్కటే అయితే తిన్నాం. తినడం మా పాపం కింద రాశారు. వదిలినవాడి పాపం ఏ పద్దులో రాశారో తెలియదు. ఇదే నాకు మొదటినుంచీ ఉన్న పేచీ. శోధన అంటే ఎప్పుడూ లేనివాడి నోటి గురించే మాట్లాడతారు.

ఆరు నుంచి పది దాకా, 1998 నుంచి 2003 వరకు, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివాను. గోడమీద పెయింటుతో మెనూ రాసి ఉండేది. ఏ రోజు గుడ్డు, ఏ రోజు అరటిపండు, ఎంత మజ్జిగ, అన్నీ గ్రాముల లెక్కన. మేం అన్నం తింటా ఆ గోడ చదివేవాళ్ళం. తెలుగు చదవడం మాకు బాగా వచ్చిందంటే ఆ గోడ పుణ్యం కూడా ఉంది. గుడ్డు నెలకోసారో రెండుసార్లో కనపడేది. సగం కోసి, సగం. సాయంత్రం వార్డెను వెళ్తుంటే వాచ్‌మన్ వెనక సంచి మోసుకుని నడిచేవాడు. ఆ సంచిలో ఏముందో మాకందరికీ తెలుసు. ఒకసారి తనిఖీకి ఆఫీసరు వచ్చి రిజిస్టరు తీస్తే అందులో మేం వారానికి రెండు గుడ్లు తిన్నట్టు ఉంది. నా పేరుకి ఎదురుగా టిక్కు. నేను తిన్నానట! ఆకలి కన్నా ఆ టిక్కు నన్ను ఎక్కువ కాల్చింది. తినలేదని చెప్పుకోడానికి కూడా లేకుండా చేసింది.

ఇంకో సంగతి. ఆ వార్డెను మనవాళ్ళే. మన కులమే. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

పది పాసయ్యాక కులం సర్టిఫికెట్ కోసం మా నాయనా నేనూ మండలాఫీసుకి పోయాం. గుమాస్తా మంచివాడే. కులం ఏందన్నాడు. మాదిగ అన్నాం. మతం ఏందన్నాడు. నా పేరు బైబిల్లోది, చూస్తేనే తెలుస్తుంది. ఆయన పెన్ను ఆపి నాయన మొహంలోకి చూసి, "హిందూ అని రాస్తానయ్యా. ఎస్సీ అవుద్ది. లేకపోతే బీసీ-సి లో పడతది. పిల్ల చదువుకుంటంది, ఆలోచించుకో" అన్నాడు. మా మేలు కోరే చెప్పాడు.

చట్టం అట్లా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమని చెప్పింది. 2023లో మన రాష్ట్ర అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో కలపమని తీర్మానం చేసింది. ఊళ్ళో టీకొట్టు దగ్గర మా గ్లాసు వేరుగా పెట్టినవాడు మాత్రం ఏనాడూ మా మతం అడగలేదు.

అరణ్యంలో యేసుకి సాతాను మూడో శోధన ఏం పెట్టాడో బైబిలు తెలిసినవాళ్ళకి గుర్తుంటుంది. కొండ ఎక్కించి, లోకంలో రాజ్యాలన్నీ చూపించి, నాకు మొక్కితే ఇవన్నీ నీకే అన్నాడు. ఆ రోజు ఆఫీసులో మాకు రాజ్యాలేమీ చూపించలేదు. ఒక టీచరు ఉద్యోగం చూపించారంతే. అదీ మాకు హక్కుగా రావలసిందే. హక్కుని ఎరగా కట్టి చూపిస్తే దాన్ని శోధన అనాలా, మోసం అనాలా?

నాయన "ఉన్నదే రాయండి సార్" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు ఆగాడు. వెనక్కి పోదామా అన్నట్టు నా వంక చూశాడు. పోదాం అంటే బాగుండు అని నేనూ అనుకున్నాను. ఇద్దరం అనుకోలేదు గానీ ఇద్దరి కాళ్ళూ అనుకున్నాయి.

మా చిన్నాన్న కొడుకు హిందూ అని రాయించాడు. మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నాకు 2008 డీఎస్సీ పోయింది. బీసీ-సి కి ఉన్నది ఒక్క శాతం. ప్రైవేటు బళ్ళో పదిహేను వందలకి నాలుగేళ్ళు చెప్పి, 2012 డీఎస్సీలో గట్టెక్కాను. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే, మొదటి గవర్నమెంటు జీతం నాదే. మా అయ్యగారు ఒక ఆదివారం నన్ను నిలబెట్టి, ఈ అమ్మాయి శోధన జయించింది, ఫలానావాడు పడిపోయాడు అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా తమ్ముడు ఆదివారం బైబిలు టవల్లో చుట్టుకుని, ఎవరూ ఎరగని ఊరికి బస్సెక్కి పోయి ప్రార్థన చేసుకొస్తాడు. పెళ్ళిలో పాట వస్తే పెదాలు బిగబట్టుకుంటాడు. వాణ్ణి నేను తీర్పు తీర్చను. నాకు ఒక్క శాతంలో ఉద్యోగం దొరికింది కాబట్టి ఇవాళ ఇట్లా మాట్లాడుతున్నాను. దొరక్కపోతే ఏం చేసేదాన్నో ప్రభువుకే తెలుసు.

మన మీటింగుల్లో కలిసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను అడుగుతుంటారు. "ఏందక్కా, ఇంకా ఈ పాపం, శోధన? దోచుకున్నది వాళ్ళు. మనం ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతకాలని నేర్పేది వాళ్ళకి లాభమే గదా?" సగం నిజం. మా గుడిలో శోధన అంటే సినిమా, సారా, చీటీపేక. ఆడవాళ్ళకయితే పక్కింటావిడ చీర. ఆకలితో ఉన్నవాళ్ళకి ఆశ పడొద్దని చెప్పడం తేలిక. కానీ మిగతా సగం కూడా చూడాలి. 1956 మార్చిలో ఆగ్రా సభలో బాబాసాహెబ్ చదువుకున్న మనవాళ్ళని తల్చుకుని బాధపడ్డాడని మనమే గదా ప్రతి జయంతికీ చెప్పుకునేది. ఆ బాధ పేరేమిటి? నేను దాన్నే శోధన అంటాను. తాళంచెవి చేతికి వచ్చినరోజు మొదలయ్యేది. మా జేజికి ఆ శోధన లేదు, ఆమె చేతికి ఎవరూ తాళంచెవి ఇవ్వలేదు. నాకు ఇచ్చారు.

2018లో నేను ఇద్దరు టీచర్లున్న ప్రైమరీ బడికి ఇన్‌చార్జిని. బియ్యం బస్తాల గది తాళం నాదే. మధ్యాహ్న భోజనం మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. ప్రైమరీ పిల్లకి రోజుకి వంద గ్రాముల బియ్యం. రిజిస్టర్లో 42 మంది. ఫిబ్రవరి వచ్చేసరికి 31 మందే వస్తున్నారు. పదకొండు మంది అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకాయల కోతలకి వలస పోయారు. మా పడమటి ప్రకాశంలో అది ఏటా ఉన్నదే.

వంట చేసే ఆమె మన పల్లె ఆమే. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. అప్పట్లో ఆమెకి ఇచ్చే గౌరవ వేతనం నెలకి వెయ్యి రూపాయలు. అదీ నెలనెలా రాదు. కూరగాయలు, నూనె, పప్పు బిల్లు పిల్లల లెక్కన ఇస్తారు. ఆ బిల్లు నెలల తరబడి రాలేదు. కొట్టతను అప్పు పెట్టనన్నాడు. ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా అంది.

"అమ్మా, ఆ పోయినోళ్ళ పేర్లు కూడా ఏసెయ్యి. మునుపటి సారు ఏసేవోడు. బిల్లు కాస్త పెరుగుద్ది, బియ్యం నాలుగు మిగుల్తయ్యి. నీకేం ఒద్దులే, నా అప్పు తీరుద్ది. మనోళ్ళం గదమ్మా, నువ్వు గాకపోతే ఎవురు జేత్తారు?"

చూశారా, ఎట్లా వచ్చిందో! కొమ్ములు, తోక పెట్టుకుని రాలేదు. లంచం కవరులో రాలేదు. మన పల్లె ఆడమనిషి కంట్లో నీళ్ళై వచ్చింది. నేను ఆ రాత్రి మోకరించి ప్రార్థన చేశాను. నిజం చెప్తున్నాను, ప్రార్థన చేసే నిర్ణయం తీసుకున్నాను. ఈ విధవరాలికి సాయం చెయ్యడం దేవుడి పనే గదా అని సర్ది చెప్పుకున్నాను. పొద్దున పోయి 42 వేశాను.

పన్నెండు రోజులు వేశాను. రోజుకి పదకొండు పేర్లు, కిలో వంద గ్రాములు. మొత్తం పదమూడు కిలోల పైచిలుకు బియ్యం. నా ఇంటికి ఒక్క గింజ తెచ్చుకోలేదు. ఆ మాట చెప్పుకుని నిద్రపోయేదాన్ని.

పదమూడో రోజు నాలుగో తరగతి పిల్లవాడొకడు బడికి వచ్చాడు. మిరప కళ్ళంలో అక్కడ వాడికి జ్వరమొస్తే వాళ్ళ పెద్దమ్మతో వెనక్కి పంపేశారు. చేతులు మండి, వేళ్ళ చివర తోలు లేచిపోయి ఉంది. నేను హాజరు వేస్తుంటే బల్ల పక్కన నిలబడి రిజిస్టర్లోకి తొంగి చూశాడు. వాడికి చదవడం నేనే నేర్పాను. తన వరుస వెంట వేలు పెట్టుకుంటా పోయి, "టీచర్, నేను రాలేదు గదా? అన్నం తిన్నట్టు ఉందే?" అన్నాడు. దొంగతనం పట్టుకుందామని కాదు, వాడికి నిజంగానే అర్థం కాలేదు.

నా పదో ఏట గోడ, పదిహేనో ఏట టిక్కు, అన్నీ కళ్ళముందుకి వచ్చాయి. వాడు తోలు లేచిన వేళ్ళతో కారం గాలి పీలుస్తా పస్తున్న పన్నెండు రోజులూ, వాడు ఇక్కడ నా ముందు కూర్చుని కడుపునిండా తిన్నట్టు నా దస్తూరీతో ఉంది. వలస పోయిన వాళ్ళ పిల్లలకోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు. ఊళ్ళో ఉండి చదువుకోవచ్చు. దానికి బడి నుంచి జాబితా పోవాలి. పోయినవాళ్ళ జాబితా నేనెట్లా పంపుతాను? నా రిజిస్టరు ప్రకారం ఎవరూ ఊరు దాటలేదు గదా! నేను బియ్యం ఎత్తుకోలేదు, నిజమే. ఆ పదకొండుమంది ఆకలిని ఎత్తుకున్నాను. అది లేదని గవర్నమెంటుకి నేనే సాక్ష్యం ఇచ్చాను.

మా జేజి మాట అప్పుడు తగిలింది. అవతల ఇంకోళ్ళు కూసోనుంటారు గదా.

ఆ రోజే 32 వేశాను. వెనకటి రోజుల తప్పుని కాగితం మీద రాసి మండలం ఆఫీసులో ఇచ్చాను. అక్కడ నన్ను వింతగా చూశారు. "ఎవరడిగారమ్మా నిన్ను?" అన్నారు. మెమో ఇచ్చారు. మిగిలిన బియ్యం లెక్కలో కలిపాను, వాడేసిన వాటికి డబ్బు కట్టాను. వలస పిల్లల జాబితా పంపాను. ఆ ఏడాదికి ఆలస్యమైంది, మరుసటి ఏడాది ఆరుగురు పిల్లలు ఊళ్ళోనే ఉండిపోయారు. వంటామెని వెంటబెట్టుకుని బిల్లు కోసం నాలుగుసార్లు తిరిగాను. సగం వచ్చింది. ఆమె అప్పు తీరలేదు. "నీ దేవుడు నీకు బాగానే ఉన్నాడమ్మా, నీకు జీతమొచ్చుద్ది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఎదురుపడితే పక్కకి తిరుగుతుంది. ఆమె కోపం న్యాయమే. ఆమె చేతులు ఖాళీగా ఉంచినవాళ్ళు దొరకరు, కాదన్నదాన్ని నేను దొరికాను.

ఇది చదివి నేను శోధన జయించానని ఎవరూ అనుకోవద్దు. పన్నెండు రోజులు ఓడాను. నాకు నేనుగా లేవలేదు, ఒక పిల్లవాడు వేలు పెట్టి చూపిస్తే లేచాను. మనసు గట్టిగా ఉంటే చాలు, ప్రార్థన చేస్తే చాలు అని చెప్పేవాళ్ళకి నా అనుభవం పనికిరాదు. నేను ప్రార్థన చేసే తప్పు చేశాను. నా ప్రార్థనలో నేనూ, దేవుడూ, ఆ వంటామే ఉన్నాం. ఆ పదకొండుమంది పిల్లలు లేరు. ప్రార్థనలో ఎవరు లేరో చూసుకోవాలి, అక్కడే సాతాను కూర్చుని ఉంటాడు.

యేసు వెంట తిరిగిన పన్నెండుమందిలో డబ్బు సంచి యూదా దగ్గర ఉండేది. అందులోంచి తీసుకునేవాడని యోహాను సువార్త రాసింది. బీదల పేరు చెప్పి అత్తరు ఖర్చు గురించి పేచీ పెట్టింది కూడా వాడే. ముప్ఫై వెండి నాణేల కథ ఒక్క రాత్రిలో పుట్టలేదు. రోజూ సంచిలో చెయ్యి పెట్టి, రోజూ బీదల పేరు చెప్పుకున్నాక పుట్టింది. మనలో సంచి చేతికి వచ్చినవాళ్ళం పెరుగుతున్నాం. వార్డెన్లం, టీచర్లం, గుమాస్తాలం, సర్పంచులం, సంఘం నాయకులం. బయటివాళ్ళు చేసిన అన్యాయం మీద పోరాటం ఆపమని నేను అనడం లేదు. బిల్లు నెలల తరబడి ఆపినవాణ్ణి, 1950 ఉత్తర్వులో ఆ షరతు రాసినవాణ్ణి నిలదీయాల్సిందే. కానీ నిలదీసే చేతిలో తప్పుడు రిజిస్టరు ఉంటే మాట పెగలదు. పన్నెండు రోజులు నాకు పెగల్లేదు.

మా జేజి 2010లో పోయింది. నా ఉద్యోగం చూడలేదు. దేవుడి ముంత ఎప్పుడో పగిలిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో స్టీలు డబ్బా పెట్టాను. మా అమ్మాయి కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు అందులో వేస్తుంది. చిన్న చెయ్యి, చిన్న పిడికెడు. మొన్న అడిగింది, "అమ్మా, ఈ బియ్యం ఎవరికి?" అని.

"తెలియదు. కానీ ఎవరో కూసోనుంటారు" అన్నాను.